సంతకానికి ముందు ఆరు వేలు

పోయిన నెల పాలకొల్లు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడిది ఐస్ వ్యాపారం. రొయ్యల చెరువుల పట్టుబడి రోజున ఐస్ తోలతాడు. ఈసారి ఒక పెద్ద పార్టీతో ఏడాది మొత్తానికి మాట కుదిరిందట. "అగ్రిమెంట్ నేనే తయారు చేసేశానక్కా. నెట్‌లో దొరికింది. లాయరూ గీయరూ అక్కర్లేదు, నువ్వోసారి చూసిపెట్టు చాలు" అని వాట్సాప్‌లో పంపాడు. తొమ్మిది పేజీలు. పేర్లు మార్చాడు, టన్ను రేటు వేశాడు, తేదీలు వేశాడు. ఏడో పేజీకి వచ్చేసరికి, తగాదా వస్తే డెలావేర్ రాష్ట్ర చట్టం ప్రకారం అక్కడి కోర్టుల్లోనే తేల్చుకోవాలని ఉంది.

"డెలావేర్ అంటే ఏ ఊరక్కా?"

"అమెరికాలో ఉందిరా."

ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. తర్వాత వాడు, "నువ్వు లాయరుకి ఎంతిచ్చావేంటి?" అన్నాడు. ఆరు వేలన్నాను. "రాయడానికా?" "కాదు, చదవడానికి." అవతల కాసేపు మాట లేదు. "చదవడానికి ఆరు వేలా! నాకు చదువు రాదా?" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇది, కాస్త పెద్దదైంది.

అమ్మ రూళ్ళ పుస్తకం

మాది నర్సాపురం పక్క పల్లె. లేసు అల్లికల పని. దారం మేం ఇస్తాం, ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర కూర్చుని అల్లుతారు, మేం తూకం వేసి తీసుకుంటాం, ఉతికించి, గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి పంపుతాం. అమ్మ ఈ వ్యాపారాన్ని 30 ఏళ్ళు ఒక్క సంతకం లేకుండా నడిపింది. ఉన్నదల్లా రూళ్ళ పుస్తకం. పేరు, ఇచ్చిన దారం, వచ్చిన లేసు, ఇచ్చిన డబ్బు. కొనే షావుకారు కూడా నర్సాపురంలోనే ఉండేవాడు. డబ్బు ఆలస్యమైతే అమ్మ పొద్దున్నే వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చునేది. ఏమీ అనేది కాదు. కాఫీ ఇస్తే తాగేది. పదింటికల్లా డబ్బు వచ్చేది.

కాబట్టి "మాట మీద వ్యాపారం పాతకాలపు అమాయకత్వం" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చట్టం కూడా ఒప్పుకోదు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. నోటిమాట ఒప్పందం చెల్లదని అది ఎక్కడా అనలేదు. ఏవో కొన్నిటికి తప్ప కాగితం తప్పనిసరి కాదు. అమ్మ పుస్తకం వెనక చట్టం లేకపోలేదు, చట్టం దాకా వెళ్ళే అవసరం రాలేదంతే. షావుకారికి ఆ వీధిలో పరువుంది. అరుగు మీద అమ్మ కూర్చుంటే నలుగురూ చూస్తారు. ఆ నలుగురే అమ్మకి కోర్టు.

మాకు ముంబై పార్టీ తగిలినప్పుడు ఆ నలుగురూ లేరు. నాకది తెలియడానికి లక్షా ఎనభై నాలుగు వేలు పట్టింది.

420 టేబుల్ రన్నర్ల ఆర్డరు. అంతా వాట్సాప్‌లోనే. రంగు "ఆఫ్ వైట్" అన్నారు, ఒక ఫోటో పెట్టారు. అల్లించి పంపాం. 70 రోజులు ఉలుకూ పలుకూ లేదు. డబ్బు అడిగితే అప్పుడు, "షేడ్ కలవలేదు, రిజెక్ట్" అని ఒక్క ముక్క. సరుకు తిప్పి పంపమంటే రవాణా ఖర్చు మీదేనన్నారు. ఎవరి అరుగు మీద కూర్చోను?

మా ఊళ్ళో పెద్ద ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను. మా తాతగారి గట్టు తగాదా నడిపినాయన. అంతా విని ఒకే ప్రశ్న వేశారు. "ఏ రంగని ఎక్కడ రాసుకున్నారమ్మాయ్?" ఫోటో పంపారండీ అన్నాను. "ఆ ఫోటో ఏదీ?" నా పాత ఫోన్ నీళ్ళలో పడి పోయింది. కొత్త ఫోన్లోకి చాట్ రాలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చూద్దాం లే" అన్నారు. శ్రావణం వెళ్ళాక చూద్దాం, సంక్రాంతి వెళ్ళాక చూద్దాం అనుకుంటూ మూడేళ్ళు గడిపేశాం. బాకీ దావాకి చట్టం ఇచ్చే గడువు మూడేళ్ళే.

ఏ లాయరు?

రెండోసారి ఇంకో పార్టీ. ఇంకా పెద్ద ఆర్డరు. ఈసారి వాళ్ళే 14 పేజీల అగ్రిమెంట్ పంపారు. మళ్ళీ ప్లీడరు గారి దగ్గరికే వెళ్ళాను. మొదటి పేజీ, చివరి పేజీ చూశారు. "అచ్చు కాగితాలమ్మా ఇవన్నీ, అందరికీ ఇవే పంపుతారు. పెట్టెయ్. గొడవొస్తే నేనున్నాగా" అన్నారు.

ఆయన్ని తప్పు పట్టను. ఆయన వృత్తంతా గొడవ వచ్చాక మొదలయ్యేదే. పంపకాల దావాలు, ప్రోనోట్లు, చెక్ బౌన్సులు. మన ఊళ్ళ కోర్టుల్లో నడిచేవే అవి. గొడవ రాకుండా చూడటం అనేది ఆయన్ని ఎవరూ అడగని పని. ఎప్పుడూ ఎదురుపడని జబ్బుకి మందు అడిగితే ఏ డాక్టరు మాత్రం ఏం చెబుతాడు? మనం లాయరు దగ్గరికి వెళ్ళడమే అంబులెన్సులో వెళ్తాం.

ఇక్కడ తెలియాల్సిన సంగతి ఒకటుంది. కోర్టు లాయరు వేరు, కాగితం లాయరు వేరు. రెండో రకం వాళ్ళు చిన్న ఊళ్ళలో తక్కువ. ఉన్నా కనిపించరు. డాక్టర్లలా ఏ పనిలో నిపుణులో బోర్డు మీద రాసుకోవడానికి, ప్రకటనలు ఇచ్చుకోవడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పవు. మాకు జీఎస్టీ చూసే ఆడిటర్ చెబితే భీమవరంలో ఒకావిడ దగ్గరికి వెళ్ళాను. హైదరాబాదులో కంపెనీ కాగితాలు చూసి, పెళ్ళయ్యాక ఇటు వచ్చారు. నాకంటే పదేళ్ళు చిన్న. ఫోన్లోనే, "చదివి, ఏం మార్చాలో చెప్పడానికి ఆరు వేలు. మళ్ళీ వాళ్ళతో మాట్లాడాలంటే వేరే" అని తేల్చి చెప్పారు. "వచ్చినదాంట్లో ఇంత శాతం" అని లాయర్లు ఫీజు మాట్లాడుకోకూడదని కూడా ఆవిడే చెప్పారు. అది నియమమట. మా ఊళ్ళో శాతం లెక్కన మాట్లాడేవాళ్ళని నేనెరుగుదును. అది వేరే కథ.

"మీ ఊళ్ళో పని దేనికి ఆగుతుంది?"

ఆవిడ నన్ను కూర్చోబెట్టి మొదట అడిగిన ప్రశ్న ఇదే. చట్టం గురించి ఏదో చెబుతారనుకుని నోట్‌బుక్ తీసుకెళ్ళాను. ఆవిడ నోట్‌బుక్ తీశారు.

వరదలకి ఆగుతుందన్నాను. గోదారి వస్తే లంకల్లో ఉండే మావాళ్ళకి ఇల్లు సర్దుకోవడమే పని. 2022 జూలైలో వారం పైగా ఒక్క పీసు రాలేదు. ఇంకా? తుపాను. ఇంకా? ముసురు. "ముసురు అంటే?" వాన పెద్దగా ఉండదు, ఎండ మాత్రం రాదు, ఉతికిన లేసు ఆరదు, ఆరకుండా గంజి పెడితే పచ్చబడుతుంది. రాసుకున్నారు. ఇంకా? నాట్లు, కోతలు. కూలి ఎక్కువొస్తుందని సగం మంది పొలానికి పోతారు. ఇంకా? సంక్రాంతి. ఇంకా? ఆలోచించి, మాఘమాసం పెళ్ళిళ్ళన్నాను. ఆవిడ నవ్వి అదీ రాసుకున్నారు.

అప్పుడు అగ్రిమెంట్ తిప్పి చూపించారు. ఆలస్యమైతే వారానికి 2 శాతం కోత. దైవాధీనమైన కారణాలకి మినహాయింపు ఉంది, కానీ కొనేవాళ్ళకే. యుద్ధం, భూకంపం, పోర్టులో సమ్మె. గోదారి ఒడ్డున కూర్చుని లేసు అల్లే మాకు పోర్టు సమ్మె! అది రాసినవాళ్ళకి వాళ్ళ ఊళ్ళో పని దేనికి ఆగుతుందో తెలుసు. మా ఊళ్ళో దేనికి ఆగుతుందో వాళ్ళకెందుకు తెలుస్తుంది? నేను చెప్పాలి. నాకు చదువు వచ్చు, 14 పేజీలూ రెండుసార్లు చదివాను. ఉన్నదంతా అర్థమైంది. లేనిది మాత్రం కనపడలేదు. ఆరు వేలు దానికి.

పోయిన డబ్బు సంగతీ ఆవిడకి చెప్పాను. విని, నాకు కడుపు మండే మాట ఒకటి చెప్పారు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. మావాళ్ళు 70 రోజులకి నోరు విప్పారు! అంతేకాదు, డబ్బు ఎన్నాళ్ళకివ్వాలని రాసుకున్నా సరే, 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ముంబై వెళ్ళి చేయక్కర్లేదు. ఇలాంటి బాకీ తగాదాలు తేల్చడానికి ఆ చట్టం కింద పెట్టిన ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంటుంది, అమ్మేవాళ్ళు ఉన్నచోటి కౌన్సిల్‌కే చేయొచ్చు. అయితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా సర్కారు దగ్గర నమోదు, ఉండాలి, అదీ కాంట్రాక్టు నాటికే ఉంటే క్షేమం. ఆ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితం. మాకు లేదు. చేయించుకోవాలని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని మేం అడగనూ లేదు.

కౌన్సిల్‌కి వెళ్తే తొంభై రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది. అన్ని రోజుల్లోనే తేలుతుందని నేను పూచీ పడను. కానీ మా లాయరమ్మ అన్నట్టు, "వాడే ఆయుధం వేరు, గోడకి తగిలించే ఆయుధం వేరు. చాలాసార్లు గోడకున్నది చాలు."

వాళ్ళు ఒప్పుకోకపోతే?

నాకు వచ్చిన మొదటి అనుమానం ఇదే. మాది ఎంత, వాళ్ళది ఎంత? మేం కాకపోతే ఇంకొకరు. లాయరమ్మ ఏడు మార్పులు రాశారు. మూడు ఒప్పుకున్నారు. 90 రోజులని ఉన్నచోట 45 వచ్చింది. "మా డిజైన్లన్నీ వాళ్ళ సొంతం" అన్న వాక్యం "వాళ్ళు ఇచ్చిన డిజైన్లు" అని మారింది. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం, మా అమ్మమ్మ నాటి పైనాపిల్ డిజైను వాళ్ళ ఆస్తి అయిపోయేది. వరద, తుపాను చేరాయి. ముసురు చేరలేదు. ముంబైలో కూర్చున్నాయనకి ముసురు అర్థమయ్యేలా చెప్పడం లాయరు వల్ల కూడా కాలేదు.

తగాదా వస్తే ముంబై కోర్టులే అన్న మాట తీయలేదు. రెండు ఊళ్ళ కోర్టులకీ అధికారం ఉన్నప్పుడు ఒకదాన్నే రాసుకుంటే అదే చెల్లుతుందట. అంటే నర్సాపురం కోర్టుని మన చేతులతో మనమే కొట్టేసుకున్నట్టు. "మరి సంతకం పెట్టనా, మాననా?" అని అడిగాను. "అది నేను చెప్పకూడదు. కానీ ముంబై వెళ్ళే ఖర్చు ఇందులో ఉందనుకుని రేటు మాట్లాడండి" అన్నారు. రేటు పెంచలేదు గానీ 30 శాతం అడ్వాన్సు అడిగాను. ఇచ్చారు. అంతకుముందు అడ్వాన్సు అడగాలని నాకు తోచనే లేదు. కాగితం మారకపోయినా బేరం మారింది.

ఇంకో అనుమానం, "లాయరుని పెట్టారా, మమ్మల్ని నమ్మట్లేదా?" అంటారేమోనని. మన దగ్గర మంచి జరుగుతున్నప్పుడు లాయరు పేరెత్తడం పెళ్ళి పీటల మీద విడాకుల మాట ఎత్తినట్టే. తీరా చూస్తే ఆ 14 పేజీలు రాసింది అవతలివాళ్ళ లాయరే కదా. వాళ్ళు పెట్టుకుంటే పద్ధతి, మనం పెట్టుకుంటే అపనమ్మకమా?

అయితే నాకు మింగుడుపడని సంగతి కూడా ఒకటి జరిగింది. మాకు తెలిసిన ఇంకో లేసు వ్యాపారిని ఒక పార్టీ, బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయొద్దని అడిగిందట. 2023 ఫైనాన్స్ చట్టంతో ఆదాయపు పన్నులో మార్పు వచ్చింది కదా, చిన్న ఉత్పత్తిదారులకి గడువులో డబ్బివ్వకపోతే ఆ ఖర్చుని డబ్బిచ్చిన ఏడాది లెక్కలోనే చూపించుకోనిస్తారు. దాంతో రిజిస్ట్రేషన్ లేనివాళ్ళే కొందరికి ముద్దు. చట్టం మనకి ఇచ్చిన కర్ర, మనం ఆర్డరు పోగొట్టుకునే కారణం కూడా అవుతోంది. దీనికి లాయరు దగ్గరా జవాబు లేదు. ఆ వ్యాపారి నంబరు వేయలేదు. ఆ స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో చెప్పలేను.

డబ్బు సంగతికొస్తే, ప్రతి యాభై వేల ఆర్డరుకీ లాయరు దగ్గరికి పరిగెత్తమని నేననను. నేనూ వెళ్ళను. పోతే తేరుకోలేనంత మొత్తం ఉన్నప్పుడు వెళ్తాను. మిగతావాటికి అప్పుడు ఆవిడ రాసిచ్చిన ఒక పేజీ వాడుకుంటున్నాను. రంగు నమూనా దారం ముక్కని ఆ కాగితానికే పిన్ను కొట్టి రెండు కాపీలు చేస్తాం. వందరూపాయల స్టాంపు పేపరు మీద రాస్తేనే గట్టిదని, నోటరీ ముద్ర పడితే ఇక తిరుగులేదని అనుకునేదాన్ని. స్టాంపు సర్కారుకి కట్టే సుంకం, నోటరీ సంతకం పెట్టింది మనమేనని చెప్పే సాక్ష్యం. లోపల రాసింది తెలివితక్కువదైతే ఆ రెండూ కాపాడవు.

మావాడి ఐస్ అగ్రిమెంట్ కూడా లాయరమ్మకి చూపించాను, మాటవరసకి. ఆవిడ డెలావేర్ చూసి నవ్వలేదు. "పార్ట్‌నర్‌షిప్పా? రిజిస్టర్ అయిందా?" అన్నారు. వాడూ వాడి స్నేహితుడూ పదకొండేళ్ళుగా కలిసి చేస్తున్నారు, రిజిస్ట్రేషన్ లేదు. రిజిస్టర్ కాని భాగస్వామ్య సంస్థ, కాంట్రాక్టు హక్కుల కోసం బయటివాళ్ళ మీద దావా వేయడానికి వీల్లేదని 1932 నాటి చట్టంలోనే ఉంది. అంటే డెలావేర్ తీసి పాలకొల్లు అని రాసుకున్నా గుమ్మం దగ్గరే ఆపేస్తారు. నెట్‌లో దొరికిన కాగితం అడిగినదానికి జవాబిస్తుంది. వాడు అడగనిది దానికేం తెలుసు?

మేమిచ్చే కాగితం

భీమవరంలో ఆ రోజు పని అయిపోయి లేవబోతుంటే ఆవిడ అడిగారు. "మీ దగ్గర అల్లేవాళ్ళకి మీరేం రాసిస్తారు?"

ఏమీ లేదన్నాను. అమ్మ పుస్తకమే. తరుగు ఎంత? మేం చెప్పినంత. పీసు బాలేదంటే? మేం చెప్పిందే. డబ్బు ఎప్పుడిస్తారు? పార్టీ ఇచ్చాక. "పార్టీ 90 రోజులకిస్తే?" నేను మాట్లాడలేదు. ముంబైవాళ్ళని అరగంట సేపు తిట్టి, అదే పని మా ఊళ్ళో నేను చేస్తున్నాను. పైగా మా అల్లేవాళ్ళు నా అరుగు మీదకి వచ్చి కూర్చోరు, పని పోతుందని భయం. ఆవిడ ఊరికే ఉండకుండా, "మీ మీద కేసు వేయాలంటే వాళ్ళకి లాయరు ఉచితం, తెలుసా? ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేదు, 1987 చట్టం" అన్నారు. జోకో హెచ్చరికో తెలియలేదు. దానికి వేరే ఫీజు మాత్రం తీసుకోలేదు.

ఇంటికొచ్చి తెలుగులో ఒక పేజీ రాశాను. పీసుకి రేటు, దారం తూకం, తరుగు నూటికి ఎంత, పీసు ఇవ్వాల్సిన గడువు, బాలేదని చెప్పాలంటే మేం వారంలో చెప్పాలి, డబ్బు 30 రోజుల్లో. రాసి మురిసిపోయాను కూడా. మా ఆయన చూసి, "ఇంత చేశాక వాళ్ళు రేటు కూడా పెంచమంటారు చూడు" అన్నారు. అననీ.

మా దగ్గర అమ్మ కాలం నుంచీ అల్లే పెద్దావిడ ఒకామె ఉన్నారు. ముందు ఆమెకే ఇచ్చాను. చదువు రాదు. మర్నాడు పదో తరగతి మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. పిల్ల గట్టిగా చదువుతుంటే పెద్దావిడ నేల మీద కూర్చుని, చేతిలో కొక్కెం ఆడిస్తూనే వింటున్నారు. అయిపోయాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తలెత్తకుండానే అన్నారు:

"పీసు ఎప్పుడియ్యాలో మాకు రాశావమ్మా. దారం నువ్వెప్పుడిత్తావో రాయలేదేంటి?"

కాగితం మా ఇంట్లోనే ఉంది. ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు.